బొమ్మ పిట్టల నుంచి బతికిన పిట్టల దాకా: సలీం అలీ జీవితం

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని వార్డెన్ సారు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మీలో ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. ప్రతి సంచికలోనూ రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. అందుకని నేను పిట్టలను చూస్తూ తొంభై ఏళ్లు బతికిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయనే ఎందుకంటే, ఒకప్పుడు ఆయనా నేనూ ఒకే రకం కొలువు చేశాం. పోలిక అంతవరకే.

తమ్ముళ్లారా, మన తొర్రూరు హాస్టల్ వదిలి చదువు ముగించాక నేను కొన్నాళ్లు ఒక జూ పార్కులో పనిచేశాను. జంతువులకు మేత వేసే పని కాదు, బోన్లు కడిగే పని కాదు. చూడవచ్చిన వాళ్లకు, ముఖ్యంగా బడిపిల్లలకు, ఆ జంతువు ఏమి తింటుందో, అడవిలో ఎలా బతుకుతుందో చెప్పే పని. వినడానికి తేలికగానే ఉంటుంది. పడుకున్న పులిని లేపమని పిల్లలు, కోతులకు పల్లీలు విసిరే పెద్దలు, బస్సుకు టైమైందని గుంపును ముందుకు తోలే టీచర్లు. వీళ్లందరి మధ్య మూడు నిమిషాల్లో ఒక్క మాటైనా పిల్లల మనసుకు ఎక్కించాలి. రెండేళ్లు తిరగకముందే నిధులు లేవని ఆ పోస్టు తీసేశారు. ఆ దిగులులో ఉన్నప్పుడే సలీం అలీ గారికి కూడా ఇలాగే జరిగిందని చదివాను.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, పిల్లలు లేని అత్త హమీదా బేగం ఆయనను పెంచారు. కలిగిన కుటుంబమే. కాబట్టి అనాథ అనగానే మన కష్టాలతో పోల్చుకోకూడదు. చదువులో మాత్రం అంతంత మాత్రమే. తరచు తలనొప్పి వచ్చేది. 1913లో మెట్రిక్యులేషన్ అతి కష్టం మీద గట్టెక్కారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక పిచ్చుక. పది పన్నెండేళ్ల వయసులో ఆటగా ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఊరపిచ్చుకకు అలా ఉండదు. ఇదేం పిట్టో మేనమామ చెప్పలేక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడ కార్యదర్శిగా ఉన్న మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు ఆ కుర్రవాణ్ణి కసురుకోలేదు. పిట్ట పేరు చెప్పి ఊరుకోనూ లేదు. సొసైటీ వాళ్లు సేకరించి దాచిన పక్షులను తీసి చూపించాడు, చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. జూలో పనిచేసినప్పుడు ఈ సంగతి నాకు చాలాసార్లు గుర్తొచ్చేది. ఆ రోజు మిల్లార్డ్ గారికి తీరిక లేకపోయి ఉంటే?

తరువాతి పదేళ్లూ ఒడిదుడుకులే. కాలేజీ చదువు సగంలో ఆపి 1914లో బర్మాలోని తవాయ్‌కి వెళ్లారు. అక్కడ కుటుంబానికి వుల్‌ఫ్రమ్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. ఆయన మనసు మాత్రం గనుల మీద కంటే చుట్టూ ఉన్న అడవి మీదే. 1917లో తిరిగి వచ్చి ఒక పక్క వాణిజ్యం, మరో పక్క సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మినా గారితో వివాహమైంది. వ్యాపారం నిలబడలేదు. జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షుల నిపుణుడి ఉద్యోగం ఖాళీ అయితే, యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంతో ఆయనకు దక్కలేదు. (ఇది చదివి డిగ్రీ అక్కరలేదని ఎవరైనా అనుకుంటే, వార్డెన్ సారు నన్ను ఊరుకోరు. ఆయనకు ఇల్లు ఉంది, వెనకాల మనుషులు ఉన్నారు. మనకు డిగ్రీయే ఇల్లు.)

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరిచిన ప్రకృతి విజ్ఞాన విభాగంలో గైడ్ లెక్చరర్‌గా ఉద్యోగం దొరికింది. ఈ మ్యూజియాన్నే ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహరాజ్ వస్తు సంగ్రహాలయ అంటున్నారు. జీతం నెలకు 350 రూపాయలు. చూడవచ్చిన వాళ్లకు, విద్యార్థులకు జంతువుల గురించి, పక్షుల గురించి వివరించి చెప్పడం ఆయన పని. జూలో మాకు జంతువు కదులుతుంది, అరుస్తుంది, ఒక్కోసారి మనం చెప్పేదానికి సాక్ష్యం కూడా పలుకుతుంది. మ్యూజియంలో ఉన్నవి తోలు ఒలిచి, లోపల కూరి నిలబెట్టిన బొమ్మలు. చచ్చిన పిట్టను చూపించి బతికిన పిట్ట గురించి చెప్పాలి. అది ఎలా ఎగురుతుందో, గూడు ఎక్కడ పెడుతుందో వినేవాడి కళ్లకు కట్టాలి. అలా చెప్పాలంటే ముందు చెప్పేవాడు చూసి ఉండాలి కదా!

రెండేళ్లకు ఆ పని మీద ఆయనకు విసుగు పుట్టింది. ఇంకా నేర్చుకోవాలని సెలవు పెట్టి 1928లో జర్మనీ వెళ్లారు. బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెస్‌మాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. హెలిగోలాండ్ అనే దీవిలో వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలే పద్ధతి చూశారు. 1930లో ఎంతో ఆశతో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఆయన కుర్చీ లేదు. డబ్బు లేక గైడ్ లెక్చరర్ పోస్టునే ఎత్తేశారు.

కొలువు లేదు. వేరే పని దొరకలేదు. భార్యాభర్తలు బొంబాయికి దగ్గరలో సముద్రం ఒడ్డున ఉన్న కిహిం అనే పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ ఆయన కంటపడినవి గిజిగాళ్లు. మన వైపు బావుల మీదికి వంగిన ఈతచెట్లకూ తాటిచెట్లకూ వేలాడే గూళ్లు అందరం చూసినవే. రాలిపడిన గూడు తెచ్చి ఇంట్లో కట్టుకున్న వాళ్లమూ ఉన్నాం. ఆ గూటిలో సంసారం ఎలా సాగుతుందో మనలో ఎవరం గమనించాం? ఆయన నెలల తరబడి చూసి రాసుకున్నారు. గూడు కట్టేది మగపిట్ట. సగం కట్టగానే ఆడపిట్టలు వచ్చి చూసుకుంటాయి. ఒకటి నచ్చి అందులో చేరితే, మగపిట్ట గొట్టం లాంటి ద్వారం కట్టి గూడు పూర్తి చేస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదుగుతుంటే, అది పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఉండిపోతుంది. ఈ పరిశీలన ఆయనకు శాస్త్రజ్ఞుల్లో పేరు తెచ్చింది. ఉద్యోగం ఉండి ఉంటే ఆ నెలలన్నీ గాజు బీరువాల ముందు గడిచిపోయేవి. అలాగని ఉద్యోగం పోవడం మంచిదని నేను చెప్పలేను, నాకు పోయింది కాబట్టి.

ఆ తరువాత ఆయన ఒక ఉపాయం చేశారు. సంస్థానాల్లో పక్షుల సర్వే తాను జీతం లేకుండా చేస్తానని, తిరుగుడు ఖర్చులు భరిస్తే చాలని ముందుకు వచ్చారు. అలా 1931-32లో మన నిజాం రాజ్యంలో సర్వే జరిగింది. అప్పుడు ఓరుగల్లు కూడా అందులోదే. అమ్రాబాద్ కొండల మీది మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లో పక్షులను వెతికి లెక్క రాశారు. తరువాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల్లోనూ ఇలాగే చేశారు. ఈ తిరుగుళ్లలో తెహ్మినా గారు ఆయనకు తోడుగా ఉండేవారు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత ఆమె చనిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

1941లో ఆయన పుస్తకం ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. నా దృష్టిలో, పోయిన ఆ గైడ్ ఉద్యోగాన్ని ఆయన ఈ పుస్తకం ద్వారా మళ్లీ చేశారు. ఇందులో పిట్ట ఎంత ఉంటుందో చెప్పడానికి పిచ్చుక, బుల్‌బుల్, గోరింక, కాకి, గద్ద లాంటివే కొలతలు. గోరింక కంటే చిన్నది, కాకి కంటే పెద్దది అని చెబుతారు. వినేవాడికి తెలిసిన దానితో మొదలుపెట్టి తెలియని దాని దగ్గరికి తీసుకుపోవడమే ఆ పద్ధతి. జూలో నాకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పిల్లలకు ఈము పక్షి ఎత్తు చెప్పాలంటే మీ సారంత ఉంటుందని చెప్పడం నేను ఆ పుస్తకం చూసే నేర్చుకున్నాను.

పెద్ద గ్రంథాలు, పదవులు, బహుమతులు తరువాత వచ్చాయి. రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల హ్యాండ్‌బుక్ 1974కు పూర్తయింది. 1976లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1985లో రాజ్యసభకు నామినేట్ చేశారు. భరత్‌పూర్ పక్షుల చెరువులు నిలవడంలో ఆయన పాత్ర పెద్దది.

1900 తరువాత ఎవరికీ కనిపించని కలివికోడి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. వెతికింది బొంబాయి సొసైటీ వాళ్లే అయినా, ఆ పిట్ట గురించి తెలిసి, రాత్రిపూట పట్టి చూపించింది మాత్రం అక్కడి స్థానిక వేటగాడు. అప్పటికి సలీం అలీ గారికి ఎనభై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న, బొంబాయిలో కన్నుమూశారు.

వానాకాలంలో ఇళ్లకు వెళ్లినప్పుడు మీ ఊరి బావి దగ్గర గిజిగాళ్ల గూళ్లు చూడండి. అందులో పూర్తయినవి ఎన్ని, సగంలో వదిలేసినవి ఎన్ని లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి వార్డెన్ సారుకు ఇవ్వండి. నేను వచ్చినప్పుడు చూస్తాను.