విప్పి బిగించిన నాయుడు గారు

పటమటలో ఆటోనగర్ ఉంది కాబట్టి క్లచ్ ప్లేట్ ఎలా ఉంటుందో మా ఏరియాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గేర్‌బాక్స్ దించుతారు, ప్రెషర్ ప్లేట్ విప్పుతారు, లోపల్నుంచి అరిగి నల్లబడిన ప్లేట్ బయటికొస్తుంది. ఆ పని చేసేవాళ్లలో చాలామంది బీటెక్ చదవలేదు, విప్పి విప్పి నేర్చుకున్నారు. అలా నేర్చుకున్నవాళ్లలో నాకు తెలిసి అందరికంటే పెద్దాయన జి.డి. నాయుడు గారు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టారు. తరాల క్రితం తమిళదేశంలో స్థిరపడిన తెలుగువాళ్ల కుటుంబం. బడి ఆయనకి పడలేదు, మధ్యలోనే మానేశారు. ఒకసారి ఓ బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద రావడం చూశారు. ఇక ఆ బండి ధ్యాసే. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నారు. కొని, పార్టులన్నీ విడదీసి మళ్లీ బిగించారు. ఆయన ఇంజనీరింగ్ చదువంతా అదే!

1920లో స్టేన్స్ అనే బ్రిటిష్ వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని పొల్లాచ్చి–పళని మధ్య తనే నడిపారు. ఊరూరా ఆగే బస్సుకి పని ఎక్కువ పడేది క్లచ్‌కే. ఇంజన్ తిరుగుతుంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. రెండిటి స్పీడ్ కలిసేదాకా ప్లేట్ జారుతూ రాసుకుంటుంది, ఆ రాపిడిలో పుట్టే వేడికే లైనింగ్ అరుగుతుంది. తొలినాటి బళ్లలో చాలావాటికి ఆ లైనింగ్ తోలే. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద కారు పాకించే మన నాన్నలకి ఈ ఖర్చు సంగతి బాగా తెలుసు. డ్రైవరూ ఓనరూ ఒక్కరే అయినప్పుడు ఎక్కడ ఏం అరుగుతోందో కాలికే తెలిసిపోతుందని నా నమ్మకం. ఆ ఒక్క బస్సే తర్వాత యూఎంఎస్ అనే పెద్ద బస్సుల కంపెనీ అయింది.

1937లో ఆయన సంస్థ నుంచి ఎలక్ట్రిక్ మోటార్ వచ్చింది. మన దేశంలో తయారైన మొదటి మోటార్ అదేనంటారు. రేజర్లూ అవీ చాలా ఉన్నాయి గానీ మనకి కావాల్సింది 1945. ఆ ఏడాది కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించి, ప్రిన్సిపాల్ కూడా ఆయనే అయ్యారు. బడి మానేసిన మనిషి! నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఇప్పుడు అది గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

ఇక్కడ నేను ఆయనతో సగమే ఏకీభవిస్తాను. ప్లేట్ అరిగిందని మెకానిక్ వాసన పట్టి చెప్పేస్తాడు. వేడెక్కితే పట్టు ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే మాత్రం క్లాసు కావాలి, టైమూ కావాలి. మిగతా సగానికొస్తే, ఫస్టియర్ వర్క్‌షాప్‌లో సీఎస్ఈ వాళ్లం కూడా ఫిట్టింగ్ చేశాం, రికార్డ్ నీట్‌గా రాశాం. నడిచే మెషీన్‌లో ఒక్క నట్టు కూడా విప్పలేదు.

1952లో 2,000 రూపాయలకే ఇవ్వగలనని ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారుచేశారు. లైసెన్స్ రాలేదు, అంతటితో ఆగిపోయింది. ఆయన జీవితంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. 1974లో పోయారు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన మ్యూజియం ఉంది, వాళ్ల కుటుంబ సంస్థ పెట్టిన పాత కార్ల మ్యూజియం కూడా అక్కడే. విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. సెమ్ అయ్యాక వచ్చేవాళ్లుంటే చెప్పండి.