పక్షి చిత్రకారిణి ఎలిజబెత్ గూల్డ్

పక్షిశాస్త్ర చరిత్రలో జాన్ గూల్డ్ పేరు సుప్రసిద్ధము. ఆయన గ్రంథములకు శోభ చేకూర్చిన సతీమణి ఎలిజబెత్ చరిత్రము సైతము తెలిసికొనదగినది.

ఈమె 1804 జూలై 18వ తేదీన ఇంగ్లండులోని రామ్స్‌గేట్ పట్టణమున జన్మించెను. వివాహమునకు పూర్వము లండనులో నొక కుటుంబమువారి బిడ్డకు చదువు చెప్పుచుండెను. 1829లో గూల్డును పెండ్లాడెను. భర్త మన హిమాలయ పక్షులను గూర్చి గ్రంథము తలపెట్టగా, రాతిపలకపై బొమ్మ గీసి అచ్చొత్తు విద్యను అభ్యసించి, చిత్రములను తానే సిద్ధపరచెను. డార్విన్ గాలపాగస్ దీవులనుండి తెచ్చిన పిట్టలను ముద్రణకై చిత్రించినదియు ఈమెయే. అయినను గ్రంథకర్తగా వెలసినది భర్త పేరే.

1838లో ముగ్గురు పసిబిడ్డలను తన తల్లికడ విడిచి, పెద్దకుమారుని వెంటగొని, భర్తతో ఆస్ట్రేలియాకు ఓడనెక్కెను. అచ్చటి పక్షులను, మొక్కలను వందలకొలది చిత్రించెను. 1840లో స్వదేశము చేరెను. మరుసటి యేట ఆగస్టు 15న, ఎనిమిదవ కాన్పు పిమ్మట, 37 ఏండ్ల ప్రాయముననే కన్నుమూసెను.

1844లో గూల్డ్ ఉత్తర ఆస్ట్రేలియాలోని యొక చిన్న పిట్టకు భార్య జ్ఞాపకార్థము ఆమె పేరు పెట్టెను. ఆకుపచ్చని వీపు, ఊదారంగు రొమ్ము, పసుపుపచ్చని పొట్ట గల ఆ పిట్ట గడ్డిగింజలు తిని బ్రతుకును. ఆయన పేరు పెట్టినది నల్లతల పిట్టకు. ఎఱ్ఱతల పిట్టను నాటివారు వేఱు జాతిగా నెంచిరి. ఆ రెండును జతగూడి పిల్లలను పెంచునని, జాతి యొక్కటియేయని తరువాత తేలినది. అడవిలో నూటికి సుమారు 70 నల్లతలవి. తక్కినవి దాదాపు అన్నియు ఎఱ్ఱతలవి. పసుపుతలవి బహు అరుదు. ఈ భేదము పుట్టుకతో సంక్రమించును.

రంగుతోపాటు నడవడియు మాఱునని పెంపుడు పిట్టలపై జరిపి 2012లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఎఱ్ఱతలవి తమలో తాము ఎక్కువగా కలహించును. నల్లతలవి క్రొత్త వస్తువును ముందుగా సమీపించును. బెదరినను త్వరగా మేతకు మరలును.

ఆ పిట్టను చిత్రించు భాగ్యము ఎలిజబెత్తునకు కలుగలేదు. దానికి నామకరణము జరుగునాటికి ఆమె గతించి మూడేండ్లు. అయినను ముఖపత్రమున చోటు దొరకని ఆ పేరు పిట్ట రెక్కలపై నిలిచినది. గ్రంథాలయమున చిత్రగ్రంథమును తెఱచునపుడు, గ్రంథకర్త పేరుతోపాటు చిత్రకారుని పేరును గూడ వెదకి చదువుట పాఠకులకు ఉచితము.