ధర్మపాల – హోనొలులు దాత్రి

అనాగారిక ధర్మపాల జీవితాన్ని మనం సాధారణంగా చికాగో సర్వమత సభతోనో, బుద్ధగయ వ్యాజ్యంతోనో మొదలుపెట్టి చెప్పుకుంటాము. ఆ ఉద్యమానికి ధనం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న అరుదుగా వేస్తాము. చరిత్ర విద్యార్థి ఆ ప్రశ్నను దాటిపోరాదు.

1864 సెప్టెంబరు 17న కొలంబోలో కలప సామాను వర్తకుల ఇంట జన్మించిన ఆయన, 1891 జనవరిలో బుద్ధగయ దుస్థితిని కన్నులారా చూచారు. అదే సంవత్సరం మే 31న కొలంబోలో మహాబోధి సభ ఏర్పడింది. మహంతుతో నడచిన న్యాయపోరాటం కాలాన్నీ ధనాన్నీ హరించింది. తొలి సంవత్సరాలలో తండ్రి ఆయనకు పెద్ద అండ.

'అనాగారిక' అనగా ఇల్లు విడిచినవాడని అర్థం. తెలుగువారి చెవికి వినిపించే 'అనాగరికుడు' కాదు. భిక్షువు వెండిబంగారాలు స్వీకరించరాదన్నది వినయ నియమం. గృహస్థునకు సంసార బంధం ఉండనే ఉన్నది. ఈ రెంటికీ నడుమ నిలిచినందువల్లనే ఆయన దేశాలు తిరిగి విరాళాలు అడగగలిగారు, పద్దులు వ్రాయగలిగారు, స్థలాలు కొనగలిగారు.

1893 అక్టోబరులో చికాగో నుండి తిరిగి వస్తుండగా ఓడ హోనొలులులో ఆగింది. అక్కడ ఆయనను కలిసిన మేరీ ఫోస్టర్ నౌకానిర్మాత కుమార్తె. తల్లి వైపున హవాయి వంశీయురాలు. 1889లో భర్తను కోల్పోయిన సంపన్నురాలు. ఆమె అడిగినది తన కోపాన్ని జయించే మార్గం. ఆయన చెప్పినది చిత్తసంయమనం. ఆ కొద్దిసేపటి పరిచయం ఉత్తరాల ద్వారా మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. 1906లో తండ్రి మరణించిన తరువాత ఆమె సాయమే ప్రధానాధారమైంది. 1913లో ఆయన స్వయంగా హోనొలులు వెళ్లి ఆమెను దర్శించారు. ఆమె ధనంతో కొలంబోలో ఉచిత ఆయుర్వేద వైద్యశాల వెలసింది. అది ఫోస్టర్, రాబిన్‌సన్ కుటుంబాల పేరును ధరించింది. 1926లో లండన్‌లోని ఈలింగ్‌లో బౌద్ధకేంద్రానికి ఇల్లు సమకూరింది.

ఒక్క దాతపై ఇంతగా ఆధారపడడం ప్రమాదమే. కాని వచ్చిన పైకాన్ని ఆయన ఉపన్యాసాలకే ఖర్చు చేయలేదు. విహారాలుగా, వైద్యశాలగా, భవనాలుగా మార్చారు. దాత్రి కన్నుమూసినా అవి నిలిచాయి.

1915 సింహళ అల్లర్ల అనంతరం ప్రభుత్వం ఆయనను కలకత్తాలో నిర్బంధించింది. తమ్ముడు ఎడ్మండ్ జాఫ్నా చెరసాలలో మరణించాడు. ఆ దుఃఖకాలంలోనే కాలేజీ స్క్వేర్ వద్ద ధర్మరాజిక విహారం లేచింది. 1920 నవంబరులో తెరువబడింది. అందులో ప్రతిష్ఠించిన ధాతువు మన భట్టిప్రోలు స్తూపానిది. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకాలలో బయల్పడిన ఆ ధాతువును ప్రభుత్వం మహాబోధి సభకు అప్పగించింది. కృష్ణాతీరపు ధాతువుకు ఫోస్టర్ సాయంతో లేచిన విహారం నెలవైనదని మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికీ ఆమె దానం ముఖ్యం. 1922లో శంకుస్థాపన జరిగిన ఆ విహారం 1931 నవంబరు 11న తెరువబడింది. ఆమె అంతకు పదకొండు నెలల ముందే, 1930 డిసెంబరులో, కన్నుమూసింది. ఆయన 1931 జూలైలో ప్రవ్రజ్య, 1933 జనవరిలో ఉపసంపద స్వీకరించి, ఏప్రిల్ 29న ఆ సారనాథ్‌లోనే తనువు చాలించారు.