వెట్టిని ఫోటో తీసిన ఆలిస్ హారిస్

వెట్టిచాకిరీ అంటే ఏమిటో మన మన్యం పల్లెలకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆఫ్రికాలోని కాంగోలో అటువంటి వెట్టిని కెమెరాతో లోకానికి చూపిన మహిళ ఆలిస్ సీలీ హారిస్. 1870లో ఇంగ్లండులో జన్మించిన ఆమె, 1898లో వివాహమైన కొద్ది రోజులకే భర్త జాన్‌తో కలిసి మిషనరీగా కాంగో వెళ్ళారు.

అప్పట్లో ఆ దేశం బెల్జియం రాజు లియోపోల్డు సొంత జాగీరు. చెప్పినంత అడవి రబ్బరు తేనివారిని కంపెనీ కాపలావారు కొట్టేవారు, చంపేవారు. 1904 మే 14న న్సాలా అనే తండ్రి, వారు చంపిన తన అయిదేళ్ళ కూతురు బోయలి చేయి, పాదం ఆకుల్లో చుట్టి తెచ్చాడు. వాటి ముందు కూర్చున్న అతడిని ఆలిస్ ఫోటో తీశారు.

తరువాత ఇంగ్లండులో ఊరూరా మేజిక్ లాంతరు తెరపై ఆ ఫోటోలు చూపి ప్రసంగించారు. ఆందోళన పెరిగింది. 1908లో రాజు కాంగోను బెల్జియం ప్రభుత్వానికి అప్పగించక తప్పలేదు. ఆలిస్ నూరేళ్ళు జీవించి 1970లో కన్నుమూశారు. ఫోటో పెళ్ళిళ్ళకే కాదు, పేదవాడి సాక్ష్యానికీ పనికి వస్తుందని ఆమె నిరూపించారు.