నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

ధవళేశ్వరమున కొండపై వెలసిన జనార్దనస్వామిని సేవించి దిగివచ్చు యాత్రికునకు ఎదుట గోదావరీమాత సముద్రమువలె కనిపించును. అచ్చటనే ఆ మహానదికి ఆనకట్ట కలదు. ఆనకట్టకు దిగువన నది గౌతమీ వసిష్ఠలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ చీలును. ఈ పాయల నడుమ కొబ్బరితోటలతో, వరిచేలతో ఒప్పారు సీమయే కోనసీమ. ధవళేశ్వరమున కాలువలకు మళ్లిన నీరు ఈ సీమలో పైరై, ధాన్యమై, అన్నమై ఎందరి ఆకలి తీర్చినదో లెక్కింప శక్యము కాదు. ఆ ధాన్యమును అమ్ముకొని ధనవంతులైనవారు పలువురు కలరు. ఆ ధాన్యమును వండి, ఆకలిగొన్నవారి విస్తరిలో వడ్డించి, అందుకొఱకే తమ కలిమిని వెచ్చించి చిరకీర్తిని పొందిన ఇల్లాలు ఒకరు కలరు. ఆమెయే డొక్కా సీతమ్మగారు.

శ్రీమద్భాగవతము నవమస్కంధమున రంతిదేవుని చరిత్ర కలదు. నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కృశించిన ఆ రాజునకు కొంచెము పాయసమును, నీరును లభించెను. కుటుంబముతో భుజింపబోవునంతలో అతిథులు ఒకరి వెంట ఒకరుగా వచ్చిరి. వచ్చినవాని కులము నడుగక, ప్రతివానియందును శ్రీహరినే చూచి ఆయన అన్నమంతయు పెట్టివేసెను. తుదకు మిగిలిన నీటిని సయితము దప్పిగొన్న ఒక దీనునకు ఇచ్చెను. మోక్షమును గాని సిద్ధులను గాని కోరక, ప్రాణుల దుఃఖమును తానే అనుభవించి వారిని దుఃఖరహితులను చేయవలెనని మాత్రము ఆయన కోరుకొనెను. భాగవత పారాయణ జరుగు ఇండ్లలో ఈ కథ ఎఱుగనివారుండరు. అయితే వినుట సులభము. ఒకనాడు ఆచరించుట కష్టము. జీవితాంతము, ప్రతిదినము, తన ఇంటి పొయ్యివద్ద ఆచరించుట మహాకష్టము. సీతమ్మగారు చేసినది ఈ మూడవది.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. అడిగినవారికి లేదనక బువ్వ పెట్టుటచే భవానీశంకరముగారిని ఊరివారు బువ్వన్న యని పిలిచెడివారు. తల్లి బాల్యముననే గతింపగా ఇంటి భారము సీతమ్మగారిపై పడినది. వచ్చినవారికి వండి వడ్డించుట ఆమెకు ఒక వ్రతముగా ఎవ్వరును ఉపదేశింపలేదు. తండ్రి ఇంటిలో అది నిత్యకృత్యము. ఆమెకు తెలిసిన గృహధర్మమే అది.

అది ఎట్టి కాలమో తలంచిన గాని ఆ బువ్వ విలువ తెలియదు. 1832-33లో నందన నామ సంవత్సర క్షామము తెలుగుదేశమును పీడించినది. 1839లో పెనుతుపాను కోరంగి తీరమును ముంచివేసినది. పక్కనే మహానది ప్రవహించుచున్నను, ఆ నీరు పొలములకెక్కు ఉపాయము లేక ప్రజలు ఆకలిచే మరణించిన దినములవి. సర్ ఆర్థరు కాటన్ దొరగారు ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని ప్రారంభింపగా, 1852 నాటికి అది పూర్తియైనది. అప్పటికి సీతమ్మగారు పదునొకండేండ్ల బాలిక. కఱవును కన్నులార చూచిన తరము చేతిలో పెరిగి, కాలువనీటి పంటను తొలిసారి అనుభవించిన తరమునకు చెందినవారామె. ఆకలి యన్నదేమో ఆ పెద్దలకు తెలియును. పంట వచ్చిన పిదప దానిని ఏమి చేయవలెనన్నది ఆ పిన్నలు నిర్ణయించుకొనవలసియుండెను.

కోనసీమలోని లంకల గన్నవరము వాస్తవ్యులగు డొక్కా జోగన్నగారు వేదపండితులు, సంపన్నులగు రైతు. వారు ఒకమాఱు ప్రయాణములో అలసి భవానీశంకరముగారి ఇంట అతిథిగా దిగిరనియు, ఆ ఇంటి బాలిక చేసిన ఆదరణమునకు సంతోషించి ఆమెను వివాహమాడిరనియు చెప్పుదురు. ఒక పూట అన్నముతో ముడిపడిన ఈ దాంపత్యము అన్నదానముతోనే సాగినది.

లంకల గన్నవరము వైనతేయ తీరమున నున్నది. పాయలు దాటి లంకలకును, సముద్రతీర గ్రామములకును పోవువారికి అది దారి. నేటివలె వంతెనలు, వాహనములు లేని కాలమది. పడవలకై వేచి, ఇసుకతిన్నెలలో నడచి, ఎండకు వానకు సొమ్మసిల్లిన బాటసారులు ఆ ఊరు చేరునప్పటికి పొద్దు వాలుచుండెడిది. వారికి డొక్కావారి ఇల్లు కనిపించెడిది. వేళగాని వేళ వచ్చినను అక్కడ అన్నము లేదను మాట వినబడెడిది కాదు. వచ్చినది ఎవరు, ఏ కులము, ఏ మతము, ఏ పనిమీద వచ్చిరి అను విచారణ లేదు. ఆకలి యొక్కటే అర్హత. అర్ధరాత్రి తలుపు తట్టినను సీతమ్మగారు లేచి పొయ్యి వెలిగించెడివారు. దాసదాసీజనమునకు అప్పగించి తాము పర్యవేక్షించు పద్ధతి కాక, స్వహస్తములతో వండి వడ్డించుటయే ఆమెకు ప్రీతి.

దీనికి వలసిన ద్రవ్యము పొలముల పంటనుండియే వచ్చినది. వంటయింటి ఖర్చు పెరిగిన కొలది పొలమునకు భారము పెరుగుట సహజము. కాలక్రమమున ఆస్తి తరిగినదని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకొందురు. అట్టి సమయమున ఏ కుటుంబమునకైనను రెండు త్రోవలు కనిపించును. అతిథులను తగ్గించుకొనుట ఒకటి, అర్హులను ఏరుకొనుట మఱొకటి. వారమునకు ఒకనాడు పెట్టవచ్చును, తమవారికి మాత్రమే పెట్టవచ్చును, పగటివేళకు పరిమితము చేయవచ్చును. లోకము వీనిలో దేనినైనను తప్పుపట్టదు. సీతమ్మగారు ఈ త్రోవలలో దేనిని గూడ త్రొక్కలేదు. ధర్మపత్ని సంకల్పమునకు జోగన్నగారు అడ్డు చెప్పలేదు. భార్య వడ్డించిన ప్రతి విస్తరి వెనుక భర్త సమ్మతి కలదని మఱువరాదు. గృహస్థుల దానము ఇద్దరి మనస్సులు కలసినపుడే నిలుచును.

సీతమ్మగారి జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము అంతర్వేది యాత్రకు సంబంధించినది. వసిష్ఠ సముద్రమున కలియుచోట లక్ష్మీనృసింహస్వామి వేంచేసియున్నారు. ప్రతివత్సరము మాఘమాసమున స్వామివారి కల్యాణమునకు గోదావరీ మండలమంతయు కదలివచ్చును. ఆ స్వామిని ఒక్కసారి దర్శింపవలెనని సీతమ్మగారికి కోరిక. ఇల్లు విడిచి పోయిన నాడు వచ్చినవారికి పెట్టువారెవరను చింతచే ఆ కోరిక ఏండ్ల తరబడి తీరలేదు. తుదకు ఒకనాడు పల్లకిలో బయలుదేరిరి. దారిలో బోయీలు విశ్రమించుచుండగా ఒక పెండ్లివారి గుంపు అటువైపు వచ్చినది. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండ, గన్నవరము చేరినచో సీతమ్మగారి ఇంట కడుపునిండ అన్నము దొఱకునని పెద్దలు వారిని ఊరడించుచుండిరి. పల్లకిలో నున్నది ఎవరో వారెఱుగరు. ఆ మాటలు చెవినబడగానే సీతమ్మగారు పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట సిద్ధము చేసి, వచ్చినవారికి తృప్తిగా భోజనము పెట్టిరి. అంతర్వేది యాత్ర నిలిచిపోయినది.

దర్శనము మేలా, అన్నదానము మేలా యని ఇచ్చట వాదమాడుట తగదు. అర్చామూర్తిని సేవించుట వైష్ణవులకు ప్రాణము. కాని సర్వభూతములయందున్న తనను ఉపేక్షించి ప్రతిమను మాత్రమే అర్చించుట బూడిదలో హోమము చేయుట వంటిదని కపిలభగవానుడు దేవహూతికి బోధించినట్లు తృతీయస్కంధము తెలుపుచున్నది. సీతమ్మగారు స్వామిని వదలి వెనుకకు మరలలేదు. తనను వెదకుకొనుచు ఇంటికే వచ్చుచున్న స్వామికి ఎదురేగిరి. ఏండ్లుగా పెంచుకొన్న కోరికను క్షణములో విడుచుటకు ఆమెకు కలిగిన బాధ సామాన్యమైనది కాదు. ఆ బాధను సహించినందుననే ఆ త్యాగము త్యాగమైనది.

ఆమె కీర్తి సముద్రములు దాటినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ సందర్భమున సీతమ్మగారికి ఆహ్వానము వచ్చినదనియు, తాను పేరుకొఱకు చేయుట లేదని ఆమె సవినయముగా నిరాకరించిరనియు చెప్పుదురు. కనీసము ఛాయాచిత్రమైనను పంపవలెనని అధికారులు ప్రాధేయపడగా, తన నిరాకరణవలన వారికి మాట రాగూడదని మాత్రమే ఆమె అందుకు సమ్మతించిరని గోదావరీ తీరమున నేటికిని చెప్పుకొందురు. సన్మానమును కోరకుండుట ఒక గుణము. సన్మానము గడపవద్దకు వచ్చినపుడు వంటయిల్లు విడిచి పోకుండుట అంతకు మించిన గుణము.

1909 ఏప్రిల్ 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయపై కాలువను దాటించుటకు 1850ల దశకమున కట్టిన పాత అక్విడక్టునకు తోడుగా నిర్మింపబడిన కొత్త అక్విడక్టునకు 2000వ సంవత్సరమున ఆమె పేరు పెట్టబడినది. ధవళేశ్వరమునుండి వచ్చు నీటిని లంకకు చేర్చు కట్టడమునకు, ఆ నీటి పంటను విస్తరికి చేర్చిన తల్లి పేరు ఎంతయు తగియున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు సయితము ఆమె పేరే పెట్టినది.

ఈ చరిత్రను కేవలము స్తుతించి విడుచుటకంటె, ధర్మసంస్థలను నడుపువారు దీనినుండి గ్రహింపదగినదేమో విచారించుట మేలు. సీతమ్మగారి దానము ఒకే లక్ష్యముపై నిలిచినది. రేవు దారిలో ఏ కొఱత కలదో ఆ కొఱతనే తీర్చిరి. దాత రుచిని బట్టి గాక గ్రహీత అవసరమును బట్టి దానము సాగినది. ఇచ్చువాని ఔన్నత్యమును చూపు షరతు ఏదియు అందు లేదు. ఈ గుణములు ఒక వ్యక్తిలో నున్నంతకాలము లెక్కల పుస్తకముతో పనిలేదు. కాని వ్యక్తి దేహముతో దానము ముగియును, ఆస్తితో పాటు తరుగును. కనుకనే పూర్వులు శాశ్వతధర్మములను ఏర్పఱచిరి.

ఈ మండలములోని ఆలయశాసనములను చూచినచో వారి వివేకము తెలియును. అఖండదీపమునకు నేయి ఇమ్మని ఊరక వ్రాయక, ఆ నేతికై ఏబది గొఱ్ఱెలను దానము చేసి, మందను తరుగకుండ కాపాడు బాధ్యతను ఫలానివారికి అప్పగించి, అంతయు ఱాతిపై చెక్కించెడివారు. మూలము చెడరాదు, ఫలము మాత్రమే వినియోగపడవలెను, అదియు చెప్పిన కార్యమునకే చెందవలెను అన్నది అందలి నియమము. పరుల దానమును కాపాడుట తాను దానము చేయుటకంటె అధికపుణ్యమని శాసనాంతమున హెచ్చరించెడివారు. తిరుమలలో 1985 ఏప్రిల్ 6వ తేదీన ప్రారంభమైన నిత్యాన్నదాన పథకమునకును ఇదియే ఆధారము. భక్తుల విరాళములను నిలువధనముగా ఉంచి, దాని వడ్డీని అన్నదానమునకు వెచ్చించుట ఆ పథకపు పద్ధతి.

అయితే శాసనము మూలధనమును కాపాడగలదు గాని, మనస్సును కాపాడలేదు. నిధి పెరిగిన కొలది భవనములు పెరిగి, దాతల పేర్ల ఫలకములు పెరిగి, వచ్చినవానిని వరుసలో నిలిపి నీవెవరవని ప్రశ్నించు అలవాటు కూడ పెరిగినచో, దీపము మిగిలి వెలుగు పోయినట్లగును. ధర్మకర్తలు ఏటేట జమాఖర్చులు చూచుకొనునపుడు మఱొక లెక్కయు చూచుకొనవలెను. ఈ యేడు మన ద్వారమునుండి ఆకలితో వెనుదిరిగినవారెందరు? మనము పెట్టినది వారికి వలసినదా, మనకు తోచినదా? పల్లకి ఎక్కిన పిదప వినవచ్చిన ఆకలి మాటకు మనము వెనుకకు మరలితిమా? జనార్దనుడనగా జనులచే యాచింపబడువాడని పెద్దలు అర్థము చెప్పుదురు. అడిగినవారికి ఇచ్చుటయే తన స్వభావముగా గల ఆ స్వామికి, అడిగినవారికి లేదనని ఆ గన్నవరపు ఇల్లాలి వంటయిల్లు కూడ ఒక సన్నిధియే.