ఫోలిక్ ఆమ్లం అందించిన మన సుబ్బారావు

రక్తం పట్టడానికి మనకు బడిలో ఇచ్చే గోలీ వెనుక ఒక తెలుగువాడి కష్టం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటపడ్డారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్ననూ తమ్ముణ్ణీ వెంటవెంటనే పొట్టన పెట్టుకుంది. ఆ బాధతోనే ఆయన అమెరికా వెళ్లారు. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సెలవుల్లో కూలికి పోయి ఫీజు కట్టుకునే మనకు ఆ కష్టం తెలియనిది కాదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తకణాలు తయారవడానికి ఇది తప్పనిసరి. అదే స్ప్రూకు మందు కూడా అయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశం మళ్లీ చూడకుండా కన్నుమూశారు.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు ఎర్ర గోలీ ఇస్తారు. కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తుందని మన నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో అక్కచెల్లెళ్లు కొందరు పారేస్తున్నారు. నలుపు ఇనుము వల్ల వచ్చేదే, భయం లేదు. అన్నం తిన్నాక వేసుకోవాలి, చాయ్‌తో వద్దు.

రక్తం తక్కువైతే కాన్పులో తల్లి ప్రాణానికే ముప్పు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకూ, అక్కకూ, వదినకూ ఈ సంగతి మనమే చెబుదాం.