గ్రీకు వ్యాకరణము రాసిన బానిస బిడ్డ

మన పిల్లలు పన్నెండవ తరగతి ముగించగానే, ఏ చదువు చదివితే ఏ ఉద్యోగము వస్తుందని అడుగుతాము. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే కూడు పెట్టదని చాలామంది తోసివేసిన చదువునే పట్టుకొని, తన జాతి మీద పడిన నిందను తుడిచివేసిన ఒక మనిషి జీవితమును ఈసారి తెలుసుకుందాము. ఆయన పేరు విలియం సాండర్స్ స్కార్బరో.

ఆయన 1852 ఫిబ్రవరి 16న అమెరికాలోని జార్జియా రాష్ట్రము, మేకన్ పట్టణములో జన్మించారు. తండ్రి స్వతంత్రుడు, తల్లి బానిస. తల్లి ఏ స్థితిలో ఉంటే బిడ్డదీ అదే స్థితి అని ఆనాటి చట్టము. కనుక ఆయన పుట్టుకతోనే బానిస. బానిసలకు చదువు నేర్పడము అక్కడ నేరము. అయినా ఆడుకోవడానికి వెళ్తున్నట్టు బయలుదేరి, పుస్తకము దాచుకొని పోయి, రహస్యముగా అక్షరాలు నేర్చుకున్నారు. బూట్లు కుట్టే పని కూడా నేర్చుకున్నారు.

1865లో అంతర్యుద్ధము ముగిసి, బానిసత్వము రద్దయింది. మేకన్‌లోని లూయిస్ హైస్కూలులోను, తర్వాత అట్లాంటా విశ్వవిద్యాలయములోను చదివి, 1871లో ఒహాయో రాష్ట్రములోని ఓబర్లిన్ కళాశాలలో చేరారు. లాటిన్, గ్రీకు ప్రధానముగా గల కోర్సు తీసుకొని 1875లో బి.ఏ. పట్టము పొందారు. హోమరు, ప్లేటో, సిసెరో వంటివారిని వారి సొంత భాషలోనే చదవడము ఆ చదువు. ఆ కాలములో పండితులకు, న్యాయవాదులకు, బోధకులకు పునాది అదే. మన క్రొత్త నిబంధన మొదట వ్రాయబడిన భాష కూడా గ్రీకే గదా.

ఆయన గ్రీకునే ఎందుకు పట్టుకున్నారో తెలియాలంటే ఆనాటి మాట ఒకటి తెలియాలి. గ్రీకు వాక్యనిర్మాణము తెలిసిన నల్లవాడు ఒక్కడు దొరికితేనే వారిని మనుషులని నమ్ముతానని, బానిసత్వమును సమర్థించిన పెద్ద నాయకుడు కాల్హౌన్ అన్నట్టు అలెగ్జాండర్ క్రమ్మెల్ అనే నల్లజాతి బోధకుడు తర్వాతి కాలములో తెలిపారు. నేర్చుకునే తలుపు తామే మూసివేసి, నేర్చుకోలేదని నిందించే న్యాయమది. ఇటువంటి న్యాయము మన దేశములో మన పెద్దలకు కూడా తెలియనిది కాదు.

స్కార్బరో ఆ నిందకు కోపముతో జవాబు చెప్పలేదు, పుస్తకముతో చెప్పారు. 1877లో ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయములో లాటిన్, గ్రీకు ఆచార్యులయ్యారు. 1881లో ఆయన రాసిన గ్రీకు ప్రథమ పాఠముల పుస్తకమును న్యూయార్క్‌లో ఒక పేరుగల సంస్థ అచ్చువేసింది. నల్లజాతి వ్యక్తి ఒకరు రాసిన గ్రీకు పాఠ్యపుస్తకము అప్పటికి లేనేలేదు. మరుసటి సంవత్సరము అమెరికా భాషాశాస్త్ర పండితుల సంఘములో సభ్యులయ్యారు.

అంతటితో శ్రమలు తీరలేదు. నల్లవారికి చేతిపనులు చాలునని, లాటిన్ గ్రీకులు దండగని వాదించేవారు బలపడ్డారు. ధర్మనిధుల డబ్బు ఎక్కువగా వృత్తివిద్య వైపే మళ్ళింది. స్కార్బరో చేతిపనిని చిన్నచూపు చూడలేదు, తాను నేర్చినవాడే గదా. కాని వీరికి ఇంతే చాలునని ఇతరులు గీత గీయడము మాత్రము ఆయన ఒప్పుకోలేదు. 1890ల మొదట్లో విల్బర్‌ఫోర్స్‌లో ఆయన పదవి పోయింది. కొన్నేళ్ళకు మళ్ళీ ఆ విశ్వవిద్యాలయమే ఆయనను పిలిచింది. 1908 నుండి 1920 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు.

1909లో పండితుల సంఘము బాల్టిమోరులో సమావేశమైంది. స్కార్బరో వస్తే విందు వడ్డించబోమని అక్కడి హోటలువారు చెప్పారు. దేశమంతా ఎరిగిన పండితుడు, భోజనపు బల్ల దగ్గర మాత్రము అంటరానివాడు! ఆయన ఆ సమావేశమునకు వెళ్ళలేదు. అయినా చదువును గాని, సంఘమును గాని విడిచిపెట్టలేదు. 1921లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో జరిగిన పండిత సభకు అదే సంఘము తరపున ప్రతినిధిగా వెళ్ళారు. 1926 సెప్టెంబరు 9న కన్నుమూశారు. ఆయన ఆత్మకథ అచ్చులోకి రావడానికి 2005 వరకు పట్టింది.

ప్రియ పాఠకులారా, పిల్లలందరూ గ్రీకు చదవాలని ఈ మాటలు రాయడము లేదు. అయితే మన ఇంటి బిడ్డ ఎవరైనా ఒక ప్రాచీన భాషనో, చరిత్రనో చదువుతానని అడిగితే, మనవంటి వారికి అదెందుకని అనకముందు ఒక్క క్షణము ఆగుదాము. ఆ మాట స్కార్బరో కూడా జీవితమంతా విన్నారు. ఇతరులు అన్నప్పుడు ఆయన తట్టుకోగలిగారు. ఇంటివారే అంటే బిడ్డలు తట్టుకోలేరు.